పొడిమంచు దినం: ఆల్టా లోయలో హిమశాస్త్రం పెరిగిన కథ

మన తెలుగునాట పుట్టి పెరిగినవారికి మంచు అంటే ఒకటి కాదు, మూడు వస్తువులు. పుష్యమాసంలో తెల్లవారుజామున పొలాలను కమ్మేదీ మంచే. గడ్డిపరకల కొనలమీద మెరిసే బిందువులూ మంచే. చేపల బుట్టలో పరిచే ఐసుగడ్డ కూడ మంచే. ఇవికాక, ఆకాశంనుండి దూదిపింజల వలె రాలిపడే మంచు మరొకటి ఉన్నది. దానిని మనలో చాలామంది చలనచిత్రాలలో చూచినవారేగాని చేతితో తాకినవారు కారు. ఈ వ్యాసం ఆ నాలుగవదానిని గురించి. స్పష్టతకోసం దానిని ‘హిమం’ అని పిలుచుకుందాం.

శీతలదేశాలలో హిమం దట్టంగా కురిసిన మరునాటి ఉదయం కొండదారులవెంట ఒక వింత దృశ్యం కనబడుతుంది. వెలుగు రాకముందే పట్టణంనుండి కార్లు బారులు తీరుతాయి. వేలాది జనం కాళ్లకు కట్టుకొనే పొడుగాటి స్కీ బద్దలు వెంటబెట్టుకొని కొండపాదం చేరుతారు. తిరునాళ్లనాడు కొండమెట్ల దగ్గర ఉండేటంత రద్దీ అక్కడ ఏర్పడుతుంది. ఎవరూ తొక్కని కొత్తహిమంమీద తామే మొదట జారాలని వారి ఆరాటం. ఇట్టి రోజును అక్కడివారు ‘పౌడర్ డే’ అంటారు. మనం ‘పొడిమంచు దినం’ అనవచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఏ రోజున జనం అత్యధికంగా వస్తారో, సాధారణంగా ఆ రోజునే కొండ అత్యంత ప్రమాదకరంగా ఉంటుంది. రమ్మని పిలిచే హిమమే చరియలుగా విరిగి ప్రాణాలు తీస్తుంది. జనాన్ని రావద్దనకుండా, వచ్చినవారిని చావనీయకుండా ఉండటం ఎట్లా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుతూ మనిషి హిమాన్ని గురించి చాలా నేర్చుకున్నాడు. ఆ చరిత్రలో అమెరికాలోని ఆల్టా లోయకు ముఖ్యమైన స్థానం ఉన్నది.

పొడిమంచు ఎట్లా ఏర్పడుతుంది?

‘పొడి’ అనే తెలుగు మాటకు చూర్ణమనీ, తడిలేనిదనీ రెండర్థాలు. ఈ హిమానికి రెండూ సరిపోతాయి. హిమరేణువు గడ్డకట్టిన వానచినుకు కాదు. మేఘంలోని నీటిఆవిరి ద్రవరూపం పొందకుండా నేరుగా స్ఫటికంగా మారినప్పుడు అది పుడుతుంది. వడగళ్లు పుట్టే తీరు వేరు. అందులో అతిశీతలమైన నీటిచుక్కలు పొరలుపొరలుగా అంటుకొని గడ్డకడతాయి.

హిమరేణువుకు ఎప్పుడూ ఆరుకోణాలే ఎందుకుంటాయని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1611లోనే ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బెంట్లీ అనే రైతు 1885లో సూక్ష్మదర్శినికి కెమేరా అమర్చి హిమరేణువు ఛాయాచిత్రాన్ని తీయగలిగాడు. 1931లో మరణించేనాటికి అతడు అయిదువేలకు పైగా అట్టి చిత్రాలు తీశాడు. ఏ పరిస్థితులలో ఏ ఆకారం ఏర్పడుతుందో తేల్చినవాడు జపాను భౌతిక శాస్త్రవేత్త ఉకిచిరో నకయ. హొక్కయిదో విశ్వవిద్యాలయంలోని శీతలగదిలో కుందేలు వెంట్రుక కొనమీద 1936లో ఆయన మొదటి కృత్రిమ హిమస్ఫటికాన్ని పెంచాడు. ఉష్ణోగ్రత, ఆవిరి పరిమాణం అనే రెండింటినిబట్టి స్ఫటికం పలకగానో, సూదిగానో, కొమ్మలు గల నక్షత్రంగానో పెరుగుతుందని ఆయన చూపించాడు. సున్నకు దిగువ 15 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులలో, ఆవిరి సమృద్ధిగా ఉన్నప్పుడు, నక్షత్రాకారపు రేణువులు పెరుగుతాయి.

పొడిమంచు రహస్యం ఆ కొమ్మలలోనే ఉన్నది. కంపకొమ్మలను కుప్పగా వేస్తే కుప్పలో కొమ్మలకంటే ఖాళీయే ఎక్కువ. నక్షత్రరేణువులు పేరుకున్నప్పుడూ అంతే. ఘనమీటరు నీరు 1,000 కిలోగ్రాములు తూగుతుంది. ఆల్టాలో కురిసే కొత్తహిమంలో నీటి పాలు సగటున 8 శాతం మాత్రమే. అనగా ఘనమీటరుకు సుమారు 80 కిలోగ్రాములు; మిగిలినదంతా గాలి. దానిలో జారేవాడు కొంత మునిగి, కొంత తేలి, మేఘంలో పోతున్నట్లు పోతాడు. కాలికింద చప్పుడుండదు. జనం వేకువనే లేచి పరుగెత్తి వచ్చేది ఈ అనుభవంకోసమే.

వెండిగనుల ఊరు

అమెరికా పశ్చిమభాగంలోని యూటా రాష్ట్రంలో సాల్ట్‌లేక్ నగరం ఉన్నది. నగరానికి తూర్పున వాసాచ్ పర్వతాలు గోడవలె లేస్తాయి. ఆ గోడను చీల్చుకొని పోయే ఇరుకులోయలలో ఒకటి లిటిల్ కాటన్‌వుడ్. లోయ ఎగువభాగంలో, సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున, ఆల్టా ఉన్నది. పసిఫిక్ మహాసముద్రంమీదుగా వచ్చే తేమగాలులు ఈ పర్వతాలను ఎక్కేటప్పుడు చల్లబడి హిమం కురుస్తుంది. సమీపంలోని ఉప్పు సరస్సు కూడ కొంత తేమను అందిస్తుంది గాని, లెక్క చూస్తే దాని వాటా స్వల్పం. ఏటా సగటున 13 మీటర్ల హిమం ఇక్కడ పడుతుంది. 2022-23 శీతకాలంలో 903 అంగుళాలు, అంటే దాదాపు 23 మీటర్లు పడింది.

జనాన్ని మొదట ఇక్కడకు రప్పించింది హిమం కాదు, వెండి. 1860ల చివరనుండి గనులు తెరిచారు. 1870లలో ఊరు వెలసింది. గనుల సొరంగాలకు ఊతకోళ్లుగాను, కొలిమికి వంటచెరకుగాను కొండవాలులమీది చెట్లను నరికివేశారు. హిమాన్ని పట్టి ఉంచే వేళ్లూ కాండాలూ పోయాయి. 1870, 1880 దశకాలలో మంచుచరియలు ఊరిమీద మళ్లీమళ్లీ పడి ఎందరో గనిపనివారిని, వారి కుటుంబాలను పొట్టన పెట్టుకున్నాయి. చరియ ఎందుకు పడుతుందో చెప్పగలవాడు ఆ ఊళ్లో లేడు. అప్పటికి యూరపులో ఆలోచన మొదలయింది. స్విట్జర్లండు అటవీ అధికారి యోహాన్ కోఅట్స్ 1881లో ఆల్ప్స్ పర్వతాల మంచుచరియలపై ఒక గ్రంథం ప్రచురించాడు. కాని ఆ జ్ఞానం వెండిగనుల వరకు రాలేదు. వెండి ధర పడిపోగా ఊరు క్రమంగా ఖాళీ అయింది.

కుర్చీ లిఫ్టు తెచ్చిన మార్పు

స్కీ బద్దలు వేల సంవత్సరాల నాటివి. నార్వే, స్వీడను వంటి దేశాలలో అవి హిమంమీద నడవటానికి, వేటకు పనికివచ్చేవి. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో 19వ శతాబ్దిలో అది వినోదక్రీడగా రూపుదిద్దుకున్నది. అయితే ఒకసారి జారాలంటే కొండను కాలినడకన ఎక్కవలసిందే. దినమంతా శ్రమపడినా రెండుమూడుసార్లు జారటం గగనం. శ్రమే జనాన్ని అదుపులో ఉంచింది.

ఆ అదుపును తొలగించింది ఒక యంత్రం. 1936లో ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో మొట్టమొదటి కుర్చీ లిఫ్టులు నడిచాయి. వానిని రూపొందించిన జేమ్స్ కరన్ యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఇంజనీరు. అరటిగెలలను కొక్కేలకు తగిలించి ఓడలోకి చేరవేసే యంత్రం సంగతి ఆయనకు తెలుసు. గెలల స్థానంలో కుర్చీలు వ్రేలాడదీసి మనుషులను కొండమీదికి మోయించాడు.

ఆల్టాలో మిగిలిన గనిభూముల యజమాని జార్జి వాట్సన్ 1930లలో వానిని అమెరికా అటవీశాఖకు అప్పగించాడు. నార్వేలో జన్మించిన ప్రసిద్ధ స్కీ క్రీడాకారుడు ఆల్ఫ్ ఎంజెన్ అటవీశాఖ తరఫున ఆ ప్రాంతాన్ని పరిశీలించి, స్కీయింగుకు అనువైనదని సూచించాడు. బోడికొండలమీద మళ్లీ మొక్కలు నాటించే పని కూడ జరిగింది. 1939 జనవరిలో అక్కడ కుర్చీ లిఫ్టు ప్రారంభమయింది. పాత గనులలో ఖనిజం మోసిన తీగబాట సామానునే దీని నిర్మాణంలో వాడుకున్నారు. ఒకసారి ఎక్కటానికి పావు డాలరు, దినమంతటికీ డాలరున్నర రుసుము. గనులు మూతపడిన చోటికి జనం తిరిగివచ్చారు. చరియలు పడే వాలులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఫిరంగి పట్టిన అటవీ ఉద్యోగి

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో మాంట్గమరీ అట్‌వాటర్ అనే మాజీ సైనికుడు ఆల్టాకు అటవీశాఖ ఉద్యోగిగా వచ్చాడు. యుద్ధంలో అతడు పర్వతయుద్ధానికి శిక్షణ పొందిన దళంలో పనిచేశాడు. కొండను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించటం అతని బాధ్యత. ఎప్పుడూ మూసి ఉంచితే జనం రారు. ఎప్పుడూ తెరిచి ఉంచితే శవాలు మోయవలసివస్తుంది. ఊహమీద నడిచే పని కాదని గ్రహించి అతడు కొలతలు ప్రారంభించాడు.

పాతహిమం లోతు, దాని ఉపరితలం తీరు, కొత్తహిమం లోతు, రకం, సాంద్రత, కురిసే వేగం, అందులోని నీటి పరిమాణం, కుదించుకొనే తీరు, గాలి, ఉష్ణోగ్రత - ఈ పది అంశాలను తుపాను తర్వాత తుపానుగా నమోదు చేశాడు. హిమం ఎంత పడిందనేదానికంటే ఎంత త్వరగా పడిందనేదీ, గాలి ఎంత బలంగా వీచిందనేదీ ముఖ్యమని తేలింది. గంటకు పదవవంతు అంగుళం, అనగా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల నీటికి సమానమైన హిమం విడవకుండా పడుతూ, తోడుగా బలమైన గాలి ఉంటే కొండ అపాయస్థితికి చేరుతున్నదని అతడు గుర్తించాడు.

అపాయం తెలిసిన తర్వాత కర్తవ్యం ఏమిటి? చరియ తనంత తాను పడేవరకు వేచి ఉండటం కంటే, జనం లేని వేళ చూచి దానిని మనమే పడగొట్టటం మేలు. ఇందుకు మొదట మందుగుండు సామగ్రిని చేతితో విసిరేవారు. 1940ల చివరినాటికి సైన్యపు ఫిరంగిని తెచ్చి దూరపు వాలులమీదికి గుండ్లు పేల్చసాగారు. 1960లో కాలిఫోర్నియాలోని స్క్వా వ్యాలీలో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు మంచుచరియలనుండి రక్షణ భారం అట్‌వాటర్‌కే అప్పగించారు. ఆ స్థలం నేటి పేరు పాలిసేడ్స్ టాహో.

ఇదే కాలంలో స్విట్జర్లండులో వేరొక మార్గాన కృషి జరుగుతున్నది. దావోస్ పట్టణానికి ఎగువన వైస్‌ఫ్లూయోఖ్ అనే చోట 1936లో శాస్త్రజ్ఞులు ఒక పాకలో హిమ ప్రయోగశాల నెలకొల్పారు. వారి పద్ధతి హిమాన్ని నిలువునా తవ్వి, పొరలను పరీక్షించటం. అక్కడ శిక్షణ పొందిన అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎడ్ లాషపెల్ 1952లో ఆల్టాలో చేరాడు. వాతావరణాన్ని కొలిచే అట్‌వాటర్ పద్ధతికి పొరలను చదివే స్విస్ పద్ధతి జతపడింది.

చరియ ఎందుకు జారుతుంది?

కొండమీది హిమం ఒకే ముద్ద కాదు. తుపానుకొక పొర చొప్పున పేర్చిన దొంతర అది. నేలను అంటిన హిమం సున్న డిగ్రీల దగ్గర ఉంటుంది. పైభాగం తెరపి రాత్రులలో ఎంతో చల్లబడుతుంది. దొంతర పలుచగా ఉన్నప్పుడు ఈ తేడావలన లోపలి ఆవిరి క్రిందినుండి పైకి ప్రయాణిస్తుంది. దారిలో అది పెద్దపెద్ద పలకలు గల కొత్తరేణువులుగా పేరుకుంటుంది. ఇవి ఒకదానినొకటి అంటుకోవు. చేతిలోకి తీసుకుంటే పంచదార వలె జారిపోతాయి. ఇట్టి బలహీనపు పొరమీద గాలి మోసుకొచ్చిన కొత్తహిమం పలక వలె బిగుసుకుంటే ఉచ్చు సిద్ధమయినట్లే. 30 నుండి 45 డిగ్రీల వాలులలో అపాయం ఎక్కువ. స్కీయింగుకు ఉత్సాహం కలిగించే వాలులు కూడ ఇవే.

విద్యార్థులు తరగతిలో దీని నమూనాను చూడవచ్చు. ఒక నున్నని చెక్కపలకమీద బరువైన పుస్తకం ఉంచి, ఒక అంచును మెల్లగా ఎత్తండి. పుస్తకం జారటం మొదలైనప్పటి కోణం గుర్తించండి. తర్వాత పలకను నేలకు ఆన్చి, దానిపై ఆవాలు పలుచగా చల్లి, అదే పుస్తకాన్ని వానిమీద ఉంచి మళ్లీ ఎత్తండి. ఈసారి చాలా తక్కువ వాలులోనే పుస్తకం జారిపోతుంది. పుస్తకం మారలేదు, పలక మారలేదు. నడుమనున్న పొర మారింది. హిమంలోని బలహీనపు రేణువులు ఆవాల వలె దొర్లవు. అవి బరువుకు నలిగి కూలుతాయి. అయినా పైపొర పట్టు తప్పటానికి కారణం నడిమిపొరే అన్న విషయం ఇందువలన తెలుస్తుంది.

బరువు సంగతి కూడ లెక్కించి చూడండి. ఒక హెక్టారు వాలుమీద మీటరు లోతు పొడిమంచు పడితే, ఘనమీటరుకు 80 కిలోగ్రాముల చొప్పున 800 టన్నులు. పది టన్నులు మోసే లారీలు ఎనభై కావాలి. ఇంత బరువు పంచదార వంటి పొరమీద నిలిచి ఉన్నప్పుడు, ఒక మనిషి స్కీలతో తొక్కిన ఒత్తిడి చాలు. చరియలలో మరణించేవారిలో పదింట తొమ్మిదిమంది విషయంలో ఆ చరియను కదిలించినవారు వారే, లేదా వారి బృందంలోనివారే.

జనమే అపాయం, జనమే మందు

అట్లాగైతే వేలమంది ఒకేసారి తొక్కే కొండ రోజూ కూలిపోవాలి కదా! అట్లా జరగదు. ప్రతి తుపాను తర్వాత వేలాది స్కీలు వాలును అడ్డంగా, నిలువుగా కోస్తూ ఉంటే పలక కట్టటానికి అవకాశం చిక్కదు. బలహీనపు పొర ఏర్పడినా నలిగి, చితికి, క్రిందిపొరతో కలిసిపోతుంది. శీతకాలం మొదటినుండి జనం తొక్కిన వాలుకు, ఎవరూ అడుగుపెట్టని వాలుకు మధ్య ఇంత భేదం ఉన్నది. కాబట్టి ముందుగా పేలుళ్లతో పరీక్షించి, ఆ తర్వాత జనాన్ని వదిలితే, జనమే ఆ వాలును మరింత భద్రం చేస్తారు. వరుస తారుమారయితే అదే జనం బలి అవుతారు. నిర్వాహకుల విద్య అంతా ఈ వరుసను కాపాడటంలోనే ఉన్నది.

దీని ఫలితం లెక్కలలో కనబడుతుంది. అమెరికాలో ఏటా సగటున సుమారు ఇరవై అయిదుమంది మంచుచరియలలో మరణిస్తున్నారు. వారిలో అత్యధికులు నిర్వాహకుల అదుపులేని బయటి కొండలకు వెళ్లినవారే. రద్దీగా ఉండే స్కీ కేంద్రాల హద్దులలో మరణాలు బహు అరుదు.

అరుదేగాని, లేవని కాదు. 1982 మార్చి 31న కాలిఫోర్నియాలోని ఆల్పైన్ మెడోస్ కేంద్రంమీద పెద్ద చరియ పడి ఏడుగురు మరణించారు. శిథిలాలలో చిక్కుకున్న ఒక యువతి అయిదురోజుల తర్వాత సజీవంగా బయటపడింది. ఆనాడు తుపాను తీవ్రతను చూచి కొండను జనానికి మూసివేసి ఉంచారు. తెరిచి ఉంటే మృతుల సంఖ్య ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

చరియక్రింద పూడుకున్నవానికి కాలమే ప్రాణం. మొదటి పది పదిహేను నిమిషాలలో వెలికితీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బ్రతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు బ్రతకటం కష్టం. ఊపిరాడకపోవటమే ఇందుకు ముఖ్యకారణం. 1968లో జాన్ లాటన్ అనే ఇంజనీరు శరీరానికి కట్టుకొనే చిన్న రేడియో పరికరాన్ని తయారుచేశాడు. పూడుకున్నవాని పరికరం సంకేతాలు పంపుతుంది. పైనున్నవారి పరికరాలు వానిని పట్టి స్థలం చూపుతాయి. నేడు ఈ పరికరాలన్నీ 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంమీద పనిచేస్తాయి.

తలుపులు మూసే చట్టం

ఆల్టాకు పోయే దారి ఒక్కటే. ఆ దారిమీద పదులకొద్దీ చరియల మార్గాలు దిగుతాయి. తుపాను ముదిరినప్పుడు ఊరిలో ఒక ఆజ్ఞ వెలువడుతుంది. దానిని ‘ఇంటర్‌లాడ్జ్’ అంటారు. ఎవరూ ఇళ్లనుండి, వసతిగృహాలనుండి బయట అడుగుపెట్టరాదు. పెడితే చట్టరీత్యా నేరం. పైన పేలుళ్లు ముగిసి, దారి శుభ్రమయినంతవరకు అందరూ లోపలే ఉండాలి. 2021 ఫిబ్రవరిలో ఈ ఆజ్ఞ 60 గంటలు అమలులో ఉన్నది.

ఇటు లోపలివారు కిటికీలలోనుండి కొత్తహిమాన్ని చూస్తూ కూర్చుంటారు. అటు లోయ మొదట్లో నగరంనుండి వచ్చిన కార్లు మైళ్ల పొడవున నిలిచిపోతాయి. చరియలకు పరిష్కారం చాలవరకు దొరికింది గాని, రద్దీకి దొరకలేదు. లోయవెంట ఎనిమిది మైళ్ల తీగబాట వేయాలని యూటా రవాణాశాఖ 2023లో నిర్ణయించింది. లోయ అందం చెడుతుందని, ఖర్చు అధికమని పలువురు వ్యతిరేకించి న్యాయస్థానాలకు వెళ్లారు. ఖనిజం మోసిన తీగబాటతో మొదలైన ఊరు మళ్లీ తీగబాటను గురించే వాదులాడుకొనటం విశేషం.

ఈ శాస్త్రం మనకు దూరమైనది కాదు. హిమాలయాలలో కాపలా ఉండే సైనికులు, అక్కడి గ్రామస్థులు మంచుచరియలకు గురి అవుతూనే ఉన్నారు. భారత రక్షణశాఖ 1969లో మనాలిలో హిమ, మంచుచరియల పరిశోధన సంస్థను నెలకొల్పింది. 2020లో అది మరొక రక్షణ పరిశోధన సంస్థలో భాగమయింది. తెలుగునాటినుండి సైన్యంలో చేరి ఆ కొండలలో పనిచేసే యువకులకు ఈ జ్ఞానం వినోదానికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది.

ఆల్టాలో ఇప్పటికీ ప్రతి తుపాను రాత్రీ కొందరు ఉద్యోగులు కర్రతో హిమం లోతు కొలుస్తారు, దానిని కరిగించి నీటిని తూస్తారు, గాలి వేగం వ్రాసుకుంటారు. క్రింద వేలమంది గేటు తెరవమని ఎదురుచూస్తూ ఉంటారు. లిఫ్టు కనుగొన్నవాడు జనాన్ని కొండమీదికి చేర్చాడు. ఆ జనం సాయంత్రానికి ఇంటికి తిరిగిపోవటానికి మాత్రం ‘మరికొంతసేపు ఆగండి’ అని కొలతలు చూచి చెప్పగలవాడు కావలసివచ్చాడు.